కోళ్ల ఎరువు కుప్ప, డీఏపీ బస్తా, అజోస్పైరిల్లం ప్యాకెట్

ప్రశ్న: సార్, మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. బోరు కింద ఎకరా ఎర్రనేల, డ్రిప్ ఉంది. పోయినేడాది హైబ్రిడ్ టమాటా పెట్టాం. అజోస్పైరిల్లం, పీఎస్‌బీ అనే జీవన ఎరువుల ప్యాకెట్లు రెండేసి కిలోలు తెచ్చి, డీఏపీలో కలిపి మొక్కల మొదళ్లలో వేశాం. ఏ తేడా కనపడలేదు. పంట మొత్తానికి యూరియా నాలుగు బస్తాలు, డీఏపీ రెండు బస్తాలు పడ్డాయి. చెట్లు నడుము దాకా ఏపుగా పెరిగాయి కానీ పూత రాలిపోయింది. కాసిన కాయల్లో చాలావాటికి అడుగు నల్లబడింది. కక్కలపల్లి మండీలో ఆ బాక్సులు అడిగినవాళ్లే లేరు. ఈసారి మా ఆయన రెండు ట్రాక్టర్ల కోళ్ల ఎరువు తోలించాడు. గట్టు మీద కుప్పగా పడి ఉంది. మా మరిది ప్రకృతి వ్యవసాయం ట్రైనింగ్‌కు వెళ్లొచ్చాడు. రసాయన ఎరువు గుప్పెడు వేసినా నేలలో సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి, జీవామృతం ఒక్కటి చాలు అంటాడు. మా ఆయనేమో యూరియా లేకుండా హైబ్రిడ్ లేవదంటాడు. రోజూ ఇదే గొడవ, నాకు టెన్షన్. జూన్ ఆఖర్లో నాటాలి. జీవన ఎరువులు, పశువుల ఎరువు, రసాయన ఎరువులు మూడూ కలిపి వాడొచ్చా? ఏది ఎంత, ఎప్పుడు వేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మే మొదటి వారంలో అందింది. నాటడానికి ఇంకా ఏడు వారాల టైముంది గనుక పనులన్నీ చక్కబెట్టుకోవచ్చు. ఇదే ఉత్తరం జూన్ ఇరవైన వచ్చి ఉంటే, ఆ కోళ్ల ఎరువును ఈ పంటకు ముట్టుకోకండి అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవాణ్ని.

మూడూ వాడొచ్చు. వాడితేనే మంచిది. అయితే పోయినేడాది మీరు దెబ్బతిన్నది ఆ 'కలిపి' అన్న మాట దగ్గరే. ఒక పంటకు మూడూ ఇవ్వడం వేరు, ఒక తట్టలో మూడూ పోయడం వేరు.

ముందు పోయినేడాది లెక్క చూద్దాం. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం. నాలుగు బస్తాలంటే దాదాపు 83 కిలోల నత్రజని. డీఏపీలో నత్రజని 18, భాస్వరం 46 శాతం. రెండు బస్తాలు కలిపి 100 కిలోలు గనుక 18 కిలోల నత్రజని, 46 కిలోల భాస్వరం. అన్నీ కూడితే నత్రజని 101 కిలోలు, భాస్వరం 46, పొటాష్ సున్నా. మన రాష్ట్రంలో టమాటా సూటి రకాలకు చెప్పే మోతాదు ఎకరాకు 60 కిలోల నత్రజని, 24 భాస్వరం, 24 పొటాష్. హైబ్రిడ్‌కు కాపు ఎక్కువ, ఆకలీ ఎక్కువే. దానికోసం కొంత పెంచుకున్నా సరే, మీరు వేసింది ఎక్కువ, అదీ ఒకవైపే మొగ్గింది. టమాటా కాపు నేల నుంచి అన్నిటికంటే ఎక్కువగా లాగేది పొటాష్‌ని. దాన్ని మీరు గుప్పెడు కూడా ఇవ్వలేదు.

నత్రజని అంత పడితే చెట్టు బలమంతా ఆకుకే పోతుంది. నవనవలాడే లేతాకు తెల్లదోమకు ఇష్టం, దాని వెంటే ఆకుముడత వస్తుంది. మీకు ఆ బాధ రాలేదంటే అదృష్టమే. పూత రాలిందంటే ఎండ కూడా కారణమై ఉండొచ్చు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవడం కష్టం. అందుకని నేరమంతా యూరియా మీద వేయను.

కాయ అడుగు నల్లబడటం మాత్రం తెగులు కాదు, దానికి తెగులు మందు కొట్టిస్తే డబ్బులు దండగ. కాయ ఊరే రోజుల్లో దాని కొస దాకా కాల్షియం అందకపోతే అలా అవుతుంది. చాలాసార్లు నేలలో కాల్షియం ఉంటుంది, కాయ దాకా రాదు. కాల్షియం నీళ్లతో పాటే నడుస్తుంది. ఒకరోజు బాగా పారించి మూడు రోజులు ఎండగడితే ఆ నడక తెగిపోతుంది. ఆకు మరీ గుబురుగా ఉంటే నీళ్లు, వాటితో కాల్షియం ఆకులకే పోతాయి, కాయకు మిగలదు. పైగా యూరియా, డీఏపీల నుంచి వచ్చే అమ్మోనియా వేరు దగ్గర కాల్షియానికి అడ్డం పడుతుంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు బోరు వేయక తప్పదని నాకు తెలుసు. అయినా కాయ గోలీకాయంత అయినప్పటి నుంచి రోజూ కొంచెం కొంచెంగానే తడపండి. కాల్షియం నైట్రేట్ లీటరు నీటికి 5 గ్రాములు కలిపి కాయ పిందె దశలో రెండుసార్లు పిచికారీ చేస్తే కొంత మేలు. నీళ్లు సరిగా లేకపోతే ఆ పిచికారీ ఆదుకోదు.

ఇక ప్యాకెట్ల సంగతి. అజోస్పైరిల్లం గాలిలోని నత్రజనిని పట్టి వేరు దగ్గర ఇచ్చే బ్యాక్టీరియా. వేళ్లు గుబురుగా రావడానికి పనికొచ్చే హార్మోన్లు కూడా వదులుతుంది. టమాటాలాంటి పంటలకు అసలు లాభం ఈ వేళ్ల వల్లేనేమో అని నాకనిపిస్తుంది. పీఎస్‌బీ, నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని తను విడిచే ఆమ్లాలతో కరిగిస్తుంది. రెండూ ప్రాణమున్నవి.

పాలు తోడేయడం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ప్యాకెట్ తోడు చుక్క అయితే పశువుల ఎరువు పాలు. ఖాళీ గిన్నెలో మజ్జిగ చుక్క వేసి పొద్దున్నే మూత తీస్తే పెరుగు ఉండదు. మరుగుతున్న పాలలో వేసినా ఉండదు. మీరు పోయినేడాది ఆ రెండూ చేశారు. పశువుల ఎరువు తోలినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, తోడు చుక్కనేమో తీసుకెళ్లి డీఏపీలో వేశారు. ఆవకాయలో ఉప్పు సరిపడా ఉంటే బూజు పట్టదు కదా, ఆ ఉప్పు సూక్ష్మజీవిలోని నీటిని లాగేస్తుంది కాబట్టి. డీఏపీ గుళిక కూడా ఒక రకం ఉప్పే. దాన్ని అంటుకుని ఒక పూట ఉన్న బ్యాక్టీరియాలో ఎంత బతికి ఉంటుందో మీరే చెప్పండి.

దీన్నిబట్టి మీ మరిది చెప్పినదాంట్లో సగం నిజం. సాంద్రంగా ఉన్న రసాయనం మీద పడితే సూక్ష్మజీవి చస్తుంది. కానీ వారానికి ఏడెనిమిది కిలోల యూరియా డ్రిప్ నీళ్లలో కరిగి ఎకరా అంతటా దిగితే చావదు. ఇంకోటి జరుగుతుంది. నత్రజని సమృద్ధిగా ఉన్నచోట అజోస్పైరిల్లం పని మానేస్తుంది. గాలిని పట్టి నత్రజని చేయడం దానికి బోలెడు శక్తి ఖర్చయ్యే పని. వండి వడ్డించింది ఎదురుగా ఉంటే పొయ్యి ఎందుకు వెలిగిస్తుంది? అందుకే నాలుగు బస్తాల యూరియా వేసే పొలంలో ఆ ప్యాకెట్ కొనడమే వృథా. వేర్లలో పెరిగే వామ్ శిలీంధ్రానిదీ ఇదే కథ, భాస్వరం ఎక్కువ దొరికే చోట అది వేరుతో సరిగా కలవదు.

జీవామృతం గురించి కూడా ఒక లెక్క చెప్తాను, మీ మరిది కోప్పడకూడదు. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, 200 లీటర్ల నీళ్లు. ఇందులో ఉన్న నత్రజని అంతా కలిపినా పావు కిలోకు మించదు. పదిహేను రోజులకోసారి పంట మొత్తంలో ఎనిమిది సార్లు ఇచ్చినా రెండు కిలోలు. జీవామృతం బలం అందులోని ఎరువు కాదు, అందులోని జీవులు. అది కూడా తోడే. ఆ పద్ధతిలో నిలదొక్కుకున్నవాళ్లు జీవామృతంతో ఆగరు. ఘనజీవామృతం (జీవామృతానికి గట్టి, పొడి రూపం) వేస్తారు, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుతారు, నేలను ఏడాది పొడుగునా ఏదో ఒక పచ్చదనంతో కప్పి ఉంచుతారు. కొన్నేళ్లు అలా చేస్తేగాని నేల మారదు. నిన్నటిదాకా నాలుగు బస్తాల యూరియా తిన్న ఎర్రనేలలో, హైబ్రిడ్ నారు పెట్టి, ఒక్క పంటకే అంతా మానేస్తే కాపు పడిపోతుంది. తర్వాత మీ ఆయన ఆ మాటే జన్మలో ఎత్తనివ్వడు. మీ మరిదికి ఆసక్తి ఉంటే పక్కన పది సెంట్లు ఇవ్వండి, చేసి చూపించనీయండి.

ఇప్పుడు ఆ కోళ్ల ఎరువు. నాకు ఎక్కువ భయం దాని గురించే. కోళ్ల ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం కూడా దాదాపు అంతే. రెండు ట్రాక్టర్లు తక్కువలో తక్కువ 4 టన్నులనుకుంటే 120 కిలోల నత్రజని. అంటే ఇప్పుడు గట్టు మీద మీకు ఆరు బస్తాల యూరియాకు దగ్గరగా ఉంది. దాన్ని పచ్చిగా పొలంలో చల్లి దున్ని, పది రోజులకు నారు నాటితే వేళ్లు మాడతాయి, ఆకుల అంచులు కాలినట్టవుతాయి, మీ తోడు చుక్క మళ్లీ మరిగే పాలలోనే పడుతుంది. మే ఎండకు కుప్పను అలా వదిలేసినా నష్టమే. ముక్కుకు ఘాటుగా కొట్టే ఆ వాసన మీ నత్రజని గాలిలో కలిసిపోతున్న వాసన.

కాబట్టి ఈ వారమే దాన్ని కంపోస్టు పెట్టండి. మీ వైపు శెనక్కాయ మిల్లుల దగ్గర పొట్టుకు కొదవ లేదు. ఒక వరస కోళ్ల ఎరువు, ఒక వరస శెనక్కాయ పొట్టు, పైన నీళ్లు. పొట్టు దొరక్కపోతే కంది కట్టె నలగ్గొట్టి వేయండి, ఎండు ఆకులైనా సరే. కోళ్ల ఎరువులో నత్రజని మరీ ఎక్కువ, పొట్టులో చాలా తక్కువ, రెండూ కలిస్తేనే కుళ్లడం సరిగ్గా సాగుతుంది. టన్ను ఎరువుకు 25 కిలోల చొప్పున సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వరసల మధ్య చల్లితే ఆవిరైపోయే అమ్మోనియాను కొంత పట్టి ఉంచుతుంది. తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిసికితే చేయి తడవాలి, నీళ్లు కారకూడదు. నాలుగు రోజుల్లో లోపల చేయి పెట్టలేనంత వేడి వస్తుంది. రావాలి, ఆ వేడికే గడ్డి విత్తనాలు, రోగక్రిములు చాలామట్టుకు పోతాయి. పది రోజులకోసారి తిరగేసి నీళ్లు చల్లండి. నాలుగోసారి తిప్పిన తర్వాత వేడి రాకుండా, ఘాటు పోయి, తొలకరి చినుకు పడ్డ మట్టి వాసన వస్తే అయిపోయినట్టు. కుప్ప మీద పట్ట కప్పి ఉంచండి. వాన పడితే అందులో ఉన్న సారం గట్టు కిందికి కారిపోతుంది.

ఆ కంపోస్టులో టమాటాకు ఒక్క టన్ను చాలు. మిగతాది రబీ పంటకు దాచుకోండి. మీ ఆయన ఇంత ఖర్చు పెట్టి తోలించాను కదా అని అంతా చల్లేస్తానంటారు. ఒప్పుకోకండి.

పాలు అన్నానే, ఆ పాల స్థానం కోళ్ల ఎరువుది కాదు, దిబ్బ ఎరువుది. బాగా మాగిన పశువుల ఎరువు ఎకరాకు కనీసం 5 టన్నులు ఉండాలి. టన్ను దిబ్బ ఎరువులో నత్రజని 5 కిలోలు, భాస్వరం 2, పొటాష్ 5 ఉంటాయి. ఆ నత్రజనిలోనూ పావు వంతో మూడో వంతో ఈ పంటకు అందుతుంది. అంకెలు చూసి తక్కువ అంచనా వేయకండి. మన జిల్లాలో వాన తక్కువ, ఎండ ఎక్కువ, ఎర్రనేలలో వేసిన సేంద్రియ పదార్థం చూస్తుండగానే కాలిపోతుంది. నేలలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అని రిపోర్టుల్లో రాస్తారు. మన ఎర్రనేలల్లో ఎక్కువ రిపోర్టులు అలాగే వస్తాయి. దిబ్బ ఎరువు చేసే అసలు పని తడిని పట్టి ఉంచడం, జీవులకు తిండి పెట్టడం, మనం వేసిన యూరియా వేరు దాటి కిందికి దిగిపోకుండా ఆపడం.

అంత దిబ్బ ఎరువు ఊళ్లో దొరకదంటే గొర్ల మంద పెట్టించండి. మీ వైపు మందలకు తక్కువేం లేదు, రాత్రికి ఇంత అని మాట్లాడుకుంటే పెడతారు. గొర్రె పెంటిక పశువుల పేడకంటే చాలా సారవంతం. మూత్రం కూడా నేరుగా నేలలోకే దిగుతుంది, దిబ్బలో అయితే అదంతా పోయేదే. మంద లేచిన మర్నాడే పైపైన గుంటక తోలించాలి. రెండు రోజులు ఎండలో వదిలేస్తే సగం సారం గాలికే. మందతో ఒక చిక్కు ఉంది. గొర్రెలు సర్కారు తుమ్మకాయలు తిని వస్తాయి, వానలు పడగానే పొలంలో తుమ్మ మొలకలు కనిపిస్తాయి. చిన్నగా ఉన్నప్పుడే పీకేయండి. జనుము వేసి కలియదున్నడం చాలా మంచి పని, కానీ అది పూతకొచ్చి, దున్ని, మళ్లీ కుళ్లడానికి ఈసారి టైం చాలదు.

ఎరువు తోలకముందే మట్టి నమూనా తీయండి. తర్వాత తీస్తే లెక్క తప్పుతుంది. పొలంలో ఎనిమిది పది చోట్ల జానెడు కంటే కొంచెం తక్కువ, ఆరంగుళాల లోతు దాకా తవ్వి, మట్టి అంతా కలిపి అరకిలో ఉంచుకుని రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. కళ్యాణదుర్గంలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడా అడగొచ్చు. బోరు నీళ్లు కూడా ఒక సీసా ఇవ్వండి, ఎందుకో కింద చెప్తాను.

రసాయన ఎరువుల లెక్క ఇలా వేశాను. మీ హైబ్రిడ్‌కు ఎకరాకు 80 కిలోల నత్రజని కావాలని పెట్టుకున్నాను. ఇది నా అంచనా, మీ రిపోర్టును బట్టి మార్చుకోవాలి. ఐదు టన్నుల దిబ్బ ఎరువు నుంచి ఈ పంటకు ఏడు కిలోలు, టన్ను కోళ్ల కంపోస్టు నుంచి పన్నెండో పదమూడో అందుతాయి. అంటే దాదాపు 20. మిగిలిన 60 కిలోలకు యూరియా 130 కిలోలు, మూడు బస్తాలకు కొంచెం తక్కువ. జీవన ఎరువులు వాడితే నత్రజని పావు వంతు తగ్గించుకోవచ్చని అందరూ చెప్తారు. ఇక్కడ తగ్గిందీ పావు వంతే, కానీ దాన్ని నేను ప్యాకెట్ ఖాతాలో కాక ఎరువు ఖాతాలో రాశాను. దిబ్బ ఎరువు తోలకుండా ప్యాకెట్ ఒక్కటే వేసి యూరియా తగ్గిస్తే చెట్టు పసుపెక్కుతుంది, మళ్లీ తిట్లు ప్యాకెట్‌కే పడతాయి.

డీఏపీ ఈసారి వద్దు. కోళ్ల కంపోస్టులోనే భాస్వరం బాగా ఉంది, పోయినేడాది వేసిందీ కొంత నేలలో ఉంటుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రెండు బస్తాలు చాలు. కంపోస్టు కుప్పలో వేసేది వేరే, అది రబీ వరకూ సరిపోతుంది. సూపర్‌లో భాస్వరం 16 శాతమే అయినా దాంతోపాటు కాల్షియం, గంధకం వస్తాయి. అడుగు నల్లబడ్డ మీ పొలానికి ఇదే మేలు. నాటడానికి పదిహేను రోజుల ముందు ఆఖరి దుక్కిలో దిబ్బ ఎరువుతో పాటు వేసేయండి. జింకు లోపం ఉందని రిపోర్టులో వస్తే జింకు సల్ఫేట్ 20 కిలోలు వేసుకోవాలి, కానీ సూపర్‌తో కలిపి కాదు. భాస్వరం, జింకు ఒకదాన్నొకటి కట్టేసుకుంటాయి. మూడు నాలుగు రోజుల తేడా ఇవ్వండి.

ఇప్పుడు తోడు తయారీ. నాటే రోజుకు పది రోజుల ముందు, వేపచెట్టు నీడలో 200 కిలోల బాగా మాగిన దిబ్బ ఎరువు పరిచి, అజోస్పైరిల్లం, పీఎస్‌బీ, పొటాష్‌ను అందించే కేఎంబీ రెండేసి కిలోలు కలపండి. నీళ్లు చల్లి కుప్ప చేసి తడి గోనె పట్టాలు కప్పండి. మధ్యలో రెండుసార్లు తిప్పి, ఆరిపోకుండా చూసుకుంటే చాలు. పది రోజుల్లో ప్యాకెట్‌లో ఉన్నవి ఎన్నో రెట్లవుతాయి. డ్రిప్ సాళ్లలో ఎకరాకు ఏడువేల మొక్కల దాకా పడతాయి కాబట్టి ఒక్కో గుంతకు చిన్న గుప్పెడు వస్తుంది. అది వేసి, దానిమీదే నారు పెట్టండి. ఆ రోజు, తర్వాత పన్నెండు పదిహేను రోజుల దాకా పొలంలో రసాయన ఎరువు పడకూడదు. వామ్ గురించి కూడా షాపులో చెప్తారు. అది వేరుకు తగిలేలా నర్సరీలోనో గుంతలోనో వేస్తేనే పనిచేస్తుంది. డబ్బులు సరిపోకపోతే ఈ ఏడాది వదిలేయండి.

ఎండుతెగులు భయముంటే ట్రైకోడెర్మా విడిగా చేసుకోండి: 90 కిలోల దిబ్బ ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా, అదే నీడ, అదే తడి. అది ఎరువు కాదు, తెగులును ఆపే శిలీంధ్రం. ఈ రెంటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మధ్య ఒక షాపులో టమాటాకని రైజోబియం అంటగడుతుంటే చూశాను. రైజోబియం కంది, వేరుశనగలాంటి పప్పుజాతి పంటలకు. టమాటా వేళ్లలో దానికి పని లేదు.

ట్రేల నారు తెచ్చుకునేటప్పుడు నర్సరీవాళ్లను ఒక మాట అడగండి, చివరిసారి ఏ మందు పోశారు, ఎప్పుడు పోశారు అని. నారుకుళ్లుకు రాగి మందులు పోస్తారు, అవి బ్యాక్టీరియాను కూడా చంపుతాయి. పోసి వారం పది రోజులు దాటితే ఫరవాలేదు. నాటే ముందు 10 లీటర్ల నీళ్లలో పావు కిలో అజోస్పైరిల్లం కలిపి ట్రే అడుగు పదిహేను నిమిషాలు అందులో ఉంచితే ఇంకా మంచిది.

ప్యాకెట్ కొనేటప్పుడు తారీకు చూడండి. జీవన ఎరువులు 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. పొడి రకంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రకంలో మిల్లీలీటరుకు 10 కోట్లు బతికి ఉన్న కణాలు ఉండాలి. ప్యాకెట్ మీద ఆ సంఖ్య, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే తీసుకోవద్దు. షాపులో రేకుల కింద, ఎండ తగిలేచోట పెట్టినదాన్ని కూడా కొనకండి. పొడికంటే ద్రవ రకం కొంచెం ఎక్కువకాలం నిలుస్తుంది. ఇంత చెప్తున్న నేనే ఒక మే నెలలో నాలుగు ప్యాకెట్లు కొని, స్కూటర్ డిక్కీలో పెట్టి, ఎవరింట్లోనో పెళ్లి భోజనానికి కూర్చున్నాను. తిరిగొచ్చి చూస్తే డిక్కీలో చేయి పెట్టలేకపోయాను. ఆ ప్యాకెట్లు వేసినా వేయకపోయినా ఒకటే అని తెలిసి కూడా, డబ్బులు పోసి కొన్నాను కదా అని వేశాను.

నాటిన పదిహేనో రోజు నుంచి యూరియా డ్రిప్‌లో మొదలుపెట్టండి. పూత వచ్చేదాకా మూడు వారాలు, వారానికి 8 కిలోలు. పూత నుంచి ఎనిమిది వారాలు, వారానికి 12 కిలోలు. మొత్తం 120 అవుతుంది. మిగిలిన పది కిలోలు ఇంట్లోనే ఉండనీయండి, కింది ఆకులు పాలిపోతే అప్పుడు వాడుకోవచ్చు. ఆకు ముదురాకుపచ్చగా మారి, కణుపుల మధ్య దూరం పెరుగుతుంటే ఒక వారం మానేయండి. నేను రాసిన అంకె కంటే మీ చెట్టు చెప్పేది నిజం. పొటాష్ పూత నుంచి మొదలుపెట్టి వారానికి ఐదారు కిలోలు, మొత్తం ఒక బస్తా. డ్రిప్‌కు తెల్ల పొటాష్, అంటే తెల్లగా ఉండే మ్యూరేట్ పొటాష్ వాడాలి. బోరు నీళ్ల పరీక్షలో ఉప్పు ఎక్కువని వస్తే మ్యూరేట్ పొటాష్ బదులు 0-0-50 (సల్ఫేట్ ఆఫ్ పొటాష్) వాడండి, ఖరీదు ఎక్కువైనా అందులో క్లోరైడ్ ఉండదు. నీటి సీసా ఇవ్వమన్నది ఇందుకే. కాల్షియం నైట్రేట్ డ్రిప్‌లో వదలాలనుకుంటే దాన్ని 0-0-50తోగానీ భాస్వరం ఉన్న ఏ ఎరువుతోగానీ ఒకే డ్రమ్ములో కలపొద్దు. సున్నంలా విరిగి డ్రిప్ రంధ్రాలు పూడిపోతాయి.

ముప్పై ముప్పై ఐదు రోజులప్పుడు ద్రవ రూపంలో ఉన్న అజోస్పైరిల్లం, పీఎస్‌బీ అర లీటరు చొప్పున డ్రిప్‌లో ఇంకోసారి ఇవ్వండి. ఆ వారం యూరియా మానేయండి. మానేసిన వారం చివర్లో కలుస్తుంది, లెక్క తప్పదు. సాయంత్రం పూట, నేల తడిగా ఉన్నప్పుడు వదలండి. మీ బోరు నీళ్లకు లేటరల్స్‌లో, అంటే సాళ్ల వెంట ఉండే డ్రిప్ పైపుల్లో ఉప్పు పేరుకుంటే యాసిడ్ పెట్టి కడుగుతారు కదా, ఆ పని దీనికి వారం ముందే అయిపోవాలి. మొదళ్లలో రాగి మందు పోయాల్సి వచ్చినా అంతే ఎడం. ఇక మీ మరిది జీవామృతం, దాన్ని ఎవరూ ఆపక్కర్లేదు. యూరియా వదిలిన రోజు కాకుండా, మధ్య రోజుల్లో బాగా వడగట్టి పోసుకోమనండి. వడగట్టకపోతే ఫిల్టర్ మూసుకుపోయి ఆ గొడవ వేరే మొదలవుతుంది.

ఒక పని చేయండి. గట్టు పక్క మూడు సాళ్లకు జీవన ఎరువులు కలపని ఉత్త దిబ్బ ఎరువు వేయండి, మిగతావన్నీ అందరితో సమానంగా ఇవ్వండి. కోతకు వచ్చినప్పుడు ఆ మూడు సాళ్ల బాక్సులు విడిగా లెక్కపెట్టి, పక్క మూడు సాళ్లతో పోల్చి నోటుబుక్కులో రాసుకోండి. తేడా కొద్దిగానే ఉంటే వచ్చే ఏడాది ప్యాకెట్లు తగ్గించి ఆ డబ్బుతో ఇంకో ట్రాక్టరు దిబ్బ ఎరువు తోలుకోవచ్చు.

మట్టి రిపోర్టు చేతికొచ్చాక ఒకసారి రాయండి. భాస్వరం దగ్గర 'ఎక్కువ' అని ఉంటే ఆ రెండు బస్తాల సూపర్ కూడా కొనకండి, కంపోస్టులో వేసిందే సరిపోతుంది.